తడిసిన ఎర

మందాయన వస్తూనే చీమలకు విందు పెట్టాడు. చంపడానికి వచ్చినవాడు మొదట చేయాల్సిన పని అదే. నూనెలో వేగిన బంగాళాదుంప చిప్స్ పొట్లం చింపి, లాన్‌లో ఆరు చోట్ల ఒక్కొక్కటి పెట్టి, చేతిగడియారం చూసుకుని, మొక్కల కంచె పక్కన గొంతుక్కూచున్నాడు. పది నిమిషాల్లో చీమలు వాటి మీదికెక్కితే ఆకలి మీదున్నట్టు లెక్క. అప్పుడే ఎర చల్లాలి. ఎక్కకపోతే చల్లిన ఎరంతా బూడిదలో పోసిన పన్నీరు.

వరండాలోంచి ఆ ఇంటి అమ్మగారు చూస్తోంది. చూసి చూసి, ఇక ఉండబట్టలేక మెట్ల దాకా వచ్చింది.

“ఏమయ్యా, మందు కొట్టమని పిలిస్తే చీమలకి టిఫిన్ పెడుతున్నావా?”

“ఆకలుందో లేదో చూస్తున్నానమ్మా. ఆకలి లేకపోతే విషమైనా తినవు.”

“వేళాకోళాలు తరవాత. వచ్చే ఆదివారం కాదు, ఆ పై ఆదివారం మా ఆయన రిటైర్మెంట్ విందు. యాభై మంది వస్తారు. అందరూ ఈ లాన్‌లోనే కూర్చుంటారు. ఆ వేళకి ఒక్క చీమ కనపడకూడదు.”

“పన్నెండు రోజులుందిగా అమ్మా. చాలు.”

చాలని అతనికి తెలుసు. ఇరవై రెండేళ్ళుగా పరాయి ఇళ్ళలో బొద్దింకల్నీ, చెదల్నీ, ఎలకల్నీ చంపిపెడుతున్నాడు. అసలు పేరు కంపెనీ కార్డు మీద తప్ప ఎక్కడా లేదు. ఏ ఇంటి గంట కొట్టినా లోపల్నుంచి “మందాయన వచ్చాడు” అన్న మాటే వినపడుతుంది. తాను చంపే వాటన్నిట్లోకీ అతనికి నిప్పుచీమలంటేనే గౌరవం. ఈ లాన్‌లో ఉన్నవీ అవే, చూడ్డానికి మామూలు ఎర్రచీమల్లాగే ఉంటాయి. కాలు పెట్టిన మనిషిని ఒకటి కుట్టి ఊరుకోదు. వంద పైకెక్కి, ఎవరో ఈల వేసినట్టు అన్నీ ఒక్కసారే కుడతాయి. మర్నాటికి కుట్టిన ప్రతిచోటా తెల్లటి చీముపొక్కు లేస్తుంది. పైన తిరిగేవాటిని చంపడం పెద్ద విద్యేం కాదు, పంపుతో మందు కొడితే చాలు, గుట్టలుగా పడతాయి, ఇంటివాళ్ళు చూసి సంబరపడతారు. అడుగున రాణి మాత్రం హాయిగా ఉంటుంది. రెండు రోజులాగి తన పరివారాన్ని వెంటబెట్టుకుని నాలుగడుగుల అవతల కొత్త కాపురం పెడుతుంది.

అందుకే ఎర. నూనె పట్టించిన మొక్కజొన్న రవ్వ, అందులో మందు. అది వెంటనే చంపదు, దాని గొప్పంతా అందులోనే ఉంది. చీమ దాన్ని తిండనుకుని మోసుకెళ్ళి పిల్లల నోటికిస్తుంది, అక్కణ్ణుంచి రాణికి చేరుతుంది. వారం పది రోజులు పైకి ఏమీ జరిగినట్టుండదు. ఆ తరవాత ఒక రోజు పుట్టలో పుల్ల గుచ్చితే లోపల్నుంచి ఎవరూ రారు. ఆ రోజు మందాయనకు పండగ.

తొమ్మిది నిమిషాలకు ఆరింట్లో అయిదు చిప్స్ ఎర్రగా మారిపోయాయి. అతను లేచి, పక్కనున్న కుళాయి దగ్గర సబ్బు లేకుండా ఉత్త నీళ్ళతో చేతులు కడుక్కుని గుడ్డతో పొడిగా తుడుచుకున్నాడు.

“నేనూ ఒక చెయ్యి వెయ్యనా అన్నా?” అన్నాడు తోటమాలి. అప్పటిదాకా కత్తెర పట్టుకుని కంచె అవతల నిలబడి ఇదంతా చూస్తున్నాడు. నలభై ఏళ్ళ మనిషి, నోట్లో నాలుక లేనివాడు. పదకొండేళ్ళుగా ఆ ఇంట్లోనే పని. కారు షెడ్డు వెనక ఉన్న ఒంటిగదిలో కాపురం. భార్య ఆ ఇంటి వంటింట్లోనే పనిచేస్తుంది. కూతురు పదో తరగతి.

“సిగరెట్ తాగావా పొద్దున్నుంచి?”

“ఒకటి.”

“అయితే వద్దు. పొగాకు చెయ్యీ పనికిరాదు, సబ్బు చెయ్యీ పనికిరాదు. వీటికున్న ముక్కు మా మేనేజరుక్కూడా లేదు.”

తోటమాలి నవ్వాడు. మందాయన కంచె వెంబడి ఉన్న అయిదు పుట్టల చుట్టూ, పుట్టకు తగలకుండా, మూరెడు దూరంలో గుండ్రంగా రవ్వ చల్లుకుంటూ పోయాడు. పుట్ట కదిలితే చీమలకు తిండి గుర్తుండదు, యుద్ధం గుర్తొస్తుంది. మునికాళ్ళ మీద నడిచి, పిడికిట్లోంచి వేళ్ళ సందున రవ్వ వదిలే ఆ పద్ధతి చూస్తే ఎవరైనా విత్తనాలు చల్లుతున్నాడనుకుంటారు.

పనయ్యాక తోటమాలిని దగ్గరికి పిలిచి చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. “చూడు తమ్ముడూ. ఇవాళ, రేపు, ఎల్లుండి పొద్దుటి దాకా లాన్‌లో ఒక్క చుక్క నీళ్ళు పడకూడదు. రవ్వ తడిస్తే నూనె పోతుంది. నూనె పోతే చీమ ముట్టదు. అంతే, నా పనీ పోయింది, మీ విందూ పోయింది.”

“ఎల్లుండి పొద్దుటి దాకా నీళ్ళు లేవు,” అని తోటమాలి అప్పజెప్పాడు.

ఇక మిగిలింది కాగితం. కంపెనీ వాళ్ళ చీటీ పుస్తకంలో చివరి గీత పైన ‘సూచనలు విన్నాను, పాటిస్తాను’ అని అచ్చువేసి ఉంటుంది. ఆ గీత మీద ఇంటి యజమాని సంతకం పెట్టాలని నిబంధన. అమ్మగారు అప్పటికే ఫోన్లో మాట్లాడుతూ లోపలికి వెళ్ళిపోయింది. సంతకం కావాలంటే ఇల్లు చుట్టి వెళ్ళి, బూట్లు విప్పి, గంట కొట్టి, గుమ్మంలో పావుగంట నిలబడాలి. ఇరవై రెండేళ్ళలో మందాయన అలా నిలబడడం ఎప్పుడో మానేశాడు. ఏ ఇంట్లోనైనా పనిమనిషో, డ్రైవరో, వాచ్‌మనో ఆ గీత మీద ఒక గీత గీసేస్తారు. ఇక్కడా అంతే, పుస్తకాన్ని తోటమాలి వైపు తిప్పాడు.

“నేనా అన్నా? అమ్మగారు కదా పెట్టాలి?”

“ఎవరిదైతే ఏం? విన్నది నువ్వేగా.”

తోటమాలి చేతులు చొక్కాకు తుడుచుకుని, పుస్తకాన్ని మోకాలి మీద పెట్టుకుని, తన పేరు ఒక్కో అక్షరమే కూర్చి రాశాడు. రాశాక కొంచెం దూరంగా పెట్టి చూసుకున్నాడు కూడా. అతని సంతకం అడిగినవాళ్ళు అంతకుముందు ఎందరున్నారో మరి.

పదో రోజున వెళ్ళి చూసి రావాలని కంపెనీ పద్ధతి. శుక్రవారం పొద్దున్నే మందాయన ఆ ఇంటి గేటు తీశాడు. లాన్ చివర టేబుళ్ళు, ఎర్రటి కుర్చీలు అప్పుడే దింపుతున్నారు. అతను సరాసరి కంచె దగ్గరికి పోయి మొదటి పుట్టలో పుల్ల గుచ్చాడు. పాలు పొంగినట్టు ఎర్రగా పొంగుకొచ్చాయి. రెండోదీ అంతే. మూడోదీ అంతే.

తన చేతుల మీదుగా చల్లిన ఎర ఇలా దగా చేయడం ఎప్పుడూ లేదు. మోకాళ్ళ మీద కూర్చుని గడ్డి మొదళ్ళు విడదీసి చూశాడు. రవ్వ ఎక్కడ పడిందో అక్కడే ఉంది. ఉబ్బి, ముద్దలు కట్టి, పైన తెల్లగా బూజు పట్టి ఉంది. రెండు వేళ్ళ మధ్య నలిపి ముక్కు దగ్గర పెట్టుకుంటే నూనె వాసన ఊసే లేదు, పాసిపోయిన కంపు. లేచి లాన్ అంచు వెంబడి నడిచాడు. వరండా ముందు పరిచిన నాపరాళ్ళ పక్కన, పది రోజుల కింద లేనిచోట, రెండు కొత్త పుట్టలు లేచి ఉన్నాయి. నేల తడిసి ముద్దయితే అవి మెరక వెతుక్కుంటాయి.

తోటమాలి పూలకుండీలు మోస్తూ ఇతన్ని చూసి, చూడనట్టు పక్కకు తిరిగాడు. మందాయన వెళ్ళి కుండీకి రెండో వైపు పట్టుకున్నాడు.

“ఎప్పుడు తడిపావు?”

తోటమాలి వరండా వైపు ఒకసారి చూశాడు. “మర్నాడే అన్నా. బుధవారం మధ్యాహ్నం. అలంకరణ వాళ్ళు చూడ్డానికొచ్చి గడ్డి పసుప్పచ్చగా ఉంది, ఫొటోల్లో బావుండదన్నారు. అమ్మగారు స్ప్రింక్లర్లు తిప్పమన్నారు. మందాయన వద్దన్నాడండీ అన్నాను. ఇల్లు నాదా, మందాయనదా అన్నారు. రెండు గంటలు తిప్పాను.”

“నాకొక ఫోన్ కొట్టకపోయావా?”

“కొడితే మీరు ఆవిడ్ని అడుగుతారు. అడిగితే చెప్పింది నేనని తెలుస్తుంది.” కుండీ కింద పెట్టి అతని మణికట్టు పట్టుకున్నాడు. “అన్నా, మీకు దణ్ణం పెడతాను. ఈ మాట ఆవిడ దగ్గర ఎత్తొద్దు. పిల్ల పరీక్షలు ఇంకో మూడు వారాల్లో ఉన్నాయి. గది పోతే దాన్నెక్కడ కూచోబెట్టి చదివించను?”

ఎత్తనన్నాడు మందాయన. అని, బూట్లు విప్పి, ఈసారి గంట కొట్టి నిలబడ్డాడు. అమ్మగారు చేతిలో అతిథుల జాబితాతో వచ్చింది.

“పుట్టలింకా బతికే ఉన్నాయమ్మా. మళ్ళీ ఎర చల్లాలంటే టైం లేదు. ఇవాళ ఒక్కో పుట్టలో బకెట్టెడు మందునీళ్ళు పోసేస్తాను. ఈ రెండ్రోజులకి అణుగుతాయి.”

“వాసనొస్తుందా?”

“వస్తుంది. మూడు నాలుగు రోజులుంటుంది.”

“ఇంకేం, మా అతిథులు చీమల మందు పీలుస్తూ భోంచేస్తారన్నమాట! పది రోజుల నుంచి ఏం చేశావయ్యా నువ్వు? పన్నెండు రోజులు చాలమ్మా అని ఎంత ధీమాగా అన్నావు!”

మాట గొంతు దాకా వచ్చింది. మింగేశాడు. “అయితే ఆ నాపరాళ్ళ పక్కన మాత్రం కుర్చీలు వెయ్యనివ్వకండమ్మా. అక్కడ రెండు పుట్టలున్నాయి.”

“సరే సరే,” అంది ఆవిడ జాబితాలోకి చూస్తూ. ఆవిడకు చీమ కుట్టినట్టయినా లేదు.

ఫారంలో ‘ఎర పనిచేయకపోవడానికి కారణం’ అని ఒక గడి ఉంది. మందాయన దాన్ని ఖాళీగా వదిలేశాడు.

ఆదివారం నాపరాళ్ళ పక్కనే ముఖ్యమైన టేబుల్ వేశారు. నీడ అక్కడే ఉందట. టేబుల్‌క్లాత్ నేలదాకా జారుతుంటే, దాని కింద పుట్ట మీద కాలు పెట్టి కూర్చున్నది సాక్షాత్తూ ఇంటాయన అక్కగారు, అంటే అమ్మగారి ఆడపడుచు. ఉపన్యాసం మధ్యలో ఆవిడ కేక పెట్టి లేచి టేబుల్ పడదోసింది. రెండు కాళ్ళూ మోకాళ్ళ దాకా వాచాయి. ఆస్పత్రికి తీసుకెళ్ళి సూదిమందు వేయించి తీసుకొచ్చారు. ప్రాణానికేం ప్రమాదం లేదు. ప్రమాదమంతా ఇంట్లో మిగతావాళ్ళకే.

ఇదంతా సోమవారం ఆఫీసులో మేనేజరు నోటినుంచి విన్నాడు మందాయన. మేనేజరు వయసులో ఇతని కొడుకంత ఉంటాడు, చీమని ఫొటోలో తప్ప చూడలేదు. అయినా ఆ రోజు మహా ఉత్సాహంగా ఉన్నాడు.

“నా నెత్తిన పాలు పోశావు పెద్దాయనా! నష్టపరిహారం ఇమ్మంటారేమో అని ప్రాణం పోయిందనుకో. తీరా చీటీ తీసి చూస్తే సంతకం తోటమాలిది. నీళ్ళు పెట్టొద్దని వాడు విన్నాడు, విని కూడా పెట్టాడు. లాన్‌కి నీళ్ళు పెట్టారని అమ్మగారే ఫోన్లో ఒప్పుకున్నారు. తప్పు వాళ్ళ మనిషిది, మన చేతికి మట్టి అంటలేదు. రేపు పదింటికి వెళ్ళి కాగితం చూపించి వద్దాం.”

“తిప్పమంది ఆవిడే సార్.”

“ఎవరు చెప్పారు?”

“తోటమాలే చెప్పాడు.”

“నీకు చెప్పాడు. కాగితానికి చెప్పలేదుగా? చీమలు కుట్టిన ఆ పెద్దావిడ వాణ్ణి గెంటేస్తే గాని ఊరుకోనని కూచుందట. వాళ్ళూ వాళ్ళూ చూసుకుంటారు. రేపు నువ్వు నోరు విప్పక్కర్లేదు. నిలబడితే చాలు.”

మందాయన బయటికొచ్చి తోటమాలికి రెండుసార్లు ఫోన్ చేశాడు. ఎత్తలేదు. మూడోసారి ఫోన్ కట్టేసి ఉంది.

ఆ సాయంత్రం ఇంట్లో అతని భార్య కుట్టుమిషను ముందు కూర్చుని స్కూలు యూనిఫాంలకు కాలర్లు వేస్తోంది. అతను పనిబట్టలు పెరట్లోనే విప్పి, వేరే సబ్బుతో మోచేతుల దాకా తోముకుని లోపలికొచ్చాడు. పంచదార డబ్బాకు చీమలు పట్టి ఉన్నాయి. ఊరందరి చీమలూ చంపే మొగుడికి ఇంటి చీమలు లోకువని ఆవిడ రోజూ అనే మాటే అంది. అతను నవ్వలేదు. అప్పుడావిడ మిషను ఆపింది.

సంగతంతా విని ఆవిడ ఒకే ప్రశ్న వేసింది. “ఆ తోటమాలి మిమ్మల్ని చెప్పమన్నాడా?”

“వద్దన్నాడు.”

“మరింకేం?”

“అప్పటి సంగతి వేరే. ఇప్పుడు నోరు మూసుకుంటే వాడి గది పోతుందే. పరీక్షల ముందు పిల్లతో రోడ్డున పడతాడు. పైగా ఆ సంతకం పెట్టించింది నేను.”

“నోరు తెరిస్తే గది ఉంటుందని మీకెవరు చెప్పారు?”

“నిజం తెలిస్తే ఆ పెద్దావిడే ఊరుకోదు. న్యాయమనేది ఒకటుంటుందిగా.”

ఆవిడ దారం కొరికి, సూదిలోకి ఎక్కిస్తూ, తల ఎత్తకుండానే అంది. “నేనొకటంటాను, కోప్పడకండి. ఆయన గది నిలబెట్టాలని మీకు నిజంగానే ఉంది, కాదనను. కానీ మీ ఎర మంచిదేనని పదిమంది ముందూ చెప్పుకోవాలని కూడా ఉంది. అవునా?”

ఉన్నమాటంటే ఉలుకెక్కువ. మందాయన లేచి పంచదార డబ్బాకు పట్టిన చీమల్ని దులపడం మొదలుపెట్టాడు.

మర్నాడు పదింటికి వరండాలో పేముకుర్చీలు వేశారు. ఇంటాయన పేపరు అడ్డం పెట్టుకుని ఒక మూల కూర్చున్నాడు. రిటైరైన మూడో రోజుకే ఆ ఇంట్లో తన స్థానమేమిటో ఆయనకు అర్థమైనట్టుంది. మధ్యలో పెద్దావిడ రెండు కాళ్ళూ ముక్కాలిపీట మీద పెట్టుకుని ఉంది. పిక్కల నిండా తెల్లటి పొక్కులు, వాటి మీద గులాబీరంగు మందు. అమ్మగారు వదినగారి పక్కన విసనకర్ర పట్టుకుని నిలబడింది. ఆవిడ చేతిలో విసనకర్రను మందాయన అంతకుముందెప్పుడూ చూడలేదు.

తోటమాలి స్తంభం పక్కన ఉన్నాడు. తల దువ్వుకుని, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. మందాయన అతని కళ్ళలోకి చూడాలని రెండుమూడుసార్లు ప్రయత్నించాడు. దొరకనివ్వలేదు. వంటింటి గుమ్మంలో అతని భార్య చేతిలో గిన్నె పట్టుకుని తుడిచిందే తుడుస్తోంది.

మేనేజరు ఫైలు తీసి చీటీ చదివాడు. తేదీ, టైము, సూచనలు, సంతకం. చదివి కాగితాన్ని పెద్దావిడ చేతికిచ్చాడు.

“ఇది నీ సంతకమేనా?” అంది పెద్దావిడ.

“నాదేనండి,” అని తోటమాలి ఒక అడుగు ముందుకేశాడు. “నేనే, ఆ రోజు…”

ఆ గొంతు విని మందాయన తట్టుకోలేకపోయాడు. చెయ్యని తప్పుకు మెడ వంచుతున్న మనిషి కళ్ళముందున్నాడు, ఆ మెడకు తాడు తన పుస్తకంలోంచే వచ్చింది.

“ఆగు తమ్ముడూ. ఎవరి బరువో నువ్వెందుకు మోస్తావు?” అన్నాడు. మేనేజరు మోచేత్తో పొడుస్తున్నా ఆగలేదు. “అమ్మా, సంతకం ఇతనిదే. అమ్మగారి దగ్గరికెళ్ళడానికి బద్ధకించి ఇతని చేత పెట్టించాను, అది నా తప్పు. కానీ నీళ్ళు ఇతను సొంతంగా పెట్టలేదు. మందాయన వద్దన్నాడని చెప్పినా వినకుండా అమ్మగారే తిప్పమన్నారు. శుక్రవారం ఇతనే నాకు చెప్పాడు. ఆ ఎర తడవకుండా ఉంటే ఈపాటికి ఒక్క పుట్టా ఉండేది కాదు.”

చివరి వాక్యం నోట్లోంచి వచ్చాక గాని అది అక్కర్లేదని అతనికి తోచలేదు.

వరండాలో విసనకర్ర ఆగింది. ఇంటాయన పేపరు ఒక బెత్తెడు కిందికి దిగి మళ్ళీ పైకి లేచింది.

“ఎంత మాట! నా ఇంట్లో నేను నీళ్ళు తిప్పమన్నానా? తెలిసి తెలిసి, మా వదినగారు వస్తున్న విందుకి?” అంది అమ్మగారు. “చెయ్యాల్సిన పని చేతకాక నా మీదికి తోస్తున్నాడు వదినా. నేనెందుకు చెప్తాను? నాకేం పని?”

“గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోకు. అతన్ని అడుగుతాను,” అంది పెద్దావిడ. తోటమాలి వైపు తిరిగింది. “చెప్పు. నీళ్ళు ఎవరు తిప్పమన్నారు?”

తోటమాలి అప్పుడు మొదటిసారి మందాయన వైపు చూశాడు. ఆ చూపులో మందాయన వెతుక్కున్నదేదీ లేదు.

“ఎవరూ చెప్పలేదండి. నేనే మర్చిపోయి తిప్పాను.”

“మరి శుక్రవారం ఇతనితో అన్నావట?”

“లేదండి. నేనేమీ అనలేదు. ఆయనకెందుకలా అనిపించిందో నాకు తెలీదు.” అని, వంగి, పెద్దావిడ ముక్కాలిపీట ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. “తప్పయిపోయిందండి. పిల్ల మీద ఒట్టు, మర్చిపోయాను. ఈ ఒక్కసారికీ క్షమించండి.”

ఆ మాటలు వెతుక్కుంటున్న మాటల్లా లేవు. బాగా వల్లెవేసినట్టు, ఎక్కడా తొట్రుపడకుండా వచ్చాయి. అమ్మగారు ఆ వరసనే అందుకుంది. “పదకొండేళ్ళ నుంచి నమ్మకంగా ఉన్నాడు వదినా. మనిషన్నాక మర్చిపోతాడు. మీరే కడుపులో పెట్టుకోవాలి. పిల్లకి పరీక్షలు కూడానూ…”

అప్పటికి మందాయనకు అర్థమైంది. నిన్న ఫోన్ ఎందుకు ఎత్తలేదో, ఇవాళ తల దువ్వుకుని ఎందుకు వచ్చాడో, అన్నీ ఒక్కసారే అర్థమయ్యాయి. వీళ్ళిద్దరూ ముందే మాట్లాడుకున్నారు. తప్పు వీడు ఒప్పుకోవాలి, దయ ఆవిడ చూపించాలి, గది గదిలా ఉండాలి. తను నోరు మూసుకుని నిలబడి ఉంటే సరిగ్గా అయిదు నిమిషాల్లో అంతా సర్దుకునేది.

పెద్దావిడ తొందరపడలేదు. తన పిక్క మీది పొక్కుల్ని ఒకసారి చూసుకుంది, మరదల్ని చూసింది.

“నిన్న మధ్యాహ్నం దాకా వీణ్ణి నిలువునా పాతరేస్తానన్నావు. ఇవాళ కడుపులో పెట్టుకోమంటున్నావు. ఇతను చూస్తే నీ పేరు చెప్పాడు. చెప్పగానే వీడు పిల్ల మీద ఒట్టేశాడు. నాకు అరవై ఎనిమిదేళ్ళమ్మా. నువ్వే తిప్పమనుంటే, వీడి నోరు మూయించి ఉంచుకుంటున్నావన్నమాట. అలా కాదు, నిజంగా వీడే చేశాడంటావా? అయితే నా కాళ్ళు ఇట్లా చేసినవాణ్ణి ఇంట్లో ఎందుకుంచుకుంటావు?”

అమ్మగారి మొహంలో రంగు పోయి, కాసేపటికి తిరిగొచ్చింది. ఆవిడ తోటమాలి వైపు చూడకుండా, లాన్ వైపు చూస్తూ చెప్పింది.

“ఎందుకుంచుకుంటాను వదినా? ఏదో మీరు జాలిపడతారేమోనని అడిగాను. ఒరేయ్, సాయంత్రానికల్లా గది ఖాళీ చెయ్యి. మీ ఆవిడ్ని కూడా తీసుకుపో.”

వంటింటి గుమ్మంలో గిన్నె కిందపడిన చప్పుడయింది. పేపరు వెనక ఇంటాయన పేజీ తిప్పాడు.

బయట జీపు దగ్గర మేనేజరు మందాయన మొహం మీదికి ఫైలు ఆడించాడు. గెలిచిన ఆటని కావాలని ఓడగొట్టావన్నాడు. ఈ ఇంటి కాంట్రాక్టు ఎలాగూ పోయింది, రేపట్నుంచి చీమలూ లేవు తోటలూ లేవు, మార్కెట్ వెనక మురిక్కాలవల్లో దోమల మందు కొట్టుకో అన్నాడు. మందాయన వింటున్నట్టే నిలబడ్డాడు. జీపు వెళ్ళిపోయాక పక్కగేటు తీసుకుని కారు షెడ్డు వెనక్కి నడిచాడు.

గది తలుపు బార్లా తీసి ఉంది. లోపల ఒక మంచం, ఒక స్టవ్వు, గోడకి మేకులు కొట్టి అమర్చిన చెక్క మీద పాఠ్యపుస్తకాలు. గోడ మీద పిల్ల చేతిరాతతో పరీక్షల తేదీల కాగితం అంటించి ఉంది. పిల్ల బడికెళ్ళినట్టుంది, ఇంటికొచ్చాక గాని ఈ సంగతి తెలీదు. తోటమాలి భార్య గిన్నెల్ని దుప్పట్లో పెట్టి మూట కడుతోంది. మందాయనను చూసి ముడి మీదనుంచి చెయ్యి తియ్యకుండానే అటు తిరిగి కూర్చుంది. తోటమాలి గడప మీద కూర్చుని, ఉతికిన చొక్కా విప్పి మడతపెడుతున్నాడు.

“తమ్ముడూ, నాకు తెలీదు,” అన్నాడు మందాయన. “ఆవిడతో మాట్లాడుకున్నావని ఒక్క మాట చెప్పుంటే…”

“నిన్న సాయంత్రం పిలిచి చెప్పారన్నా. నా పేరు రాకుండా చూడు, నీ గదికి నేను పూచీ అన్నారు. మీకు ఫోన్ చేద్దామనే అనుకున్నాను. అప్పటికే మీ ఫోన్లొచ్చాయి. ఆవిడ ఎదురుగానే ఉన్నారు. ఎవరితోటీ మాట్లాడొద్దని ఫోన్ తీసేసుకున్నారు.” మడత సరిగ్గా రాలేదు, విప్పి మళ్ళీ పెట్టాడు. “అయినా శుక్రవారమే దణ్ణం పెట్టి చెప్పానుగా అన్నా, ఎత్తొద్దని. మీరు ఎత్తనన్నారు.”

“నీకు అన్యాయం జరుగుతుందని…”

“అన్యాయం నాకు అలవాటే. ఇల్లు లేకపోవడమే అలవాటు లేదు.”

అందులో కోపం ఉంటే మందాయన భరించగలిగేవాడు. గొంతులో ఏమీ లేదు, పద్దు చదువుతున్నట్టుంది. అతను గడప దగ్గర వంగి కూర్చోబోయి, చోటు లేక నిలబడ్డాడు.

“మా ఇంట్లో రెండు గదులున్నాయి. చిన్నదే అనుకో. పిల్ల పరీక్షలయ్యేదాకా ముగ్గురూ వచ్చి ఉండండి. మా ఆవిడ కాదనదు. ఇప్పుడే ఆటో పిలుస్తాను.”

తోటమాలి మడతపెట్టిన చొక్కాని పుస్తకాల మీద పెట్టి లేచి నిలబడ్డాడు. రెండు చేతులూ జోడించాడు. శుక్రవారం కుండీ దగ్గర పెట్టిన దణ్ణం కాదిది, గుమ్మంలోంచి మనిషిని సాగనంపే దణ్ణం.

“మీరు మంచివారన్నా. అది నాకు తెలుసు,” అన్నాడు. “మీకు పుణ్యముంటుంది, ఇంక నాకు ఏ మంచీ చెయ్యకండి.”

తలుపు చప్పుడు కాకుండా మూసుకుంది. లోపల అతని భార్య ఏదో అడిగింది. అతను “ఎవరూ లేరు” అన్నాడు.